నౌరోజ్ నాడు పుట్టిన జట్టు

మషద్, గుల్‌షహ్ర్
ఖౌస్ 6, 1402 (2023 నవంబరు 27)

అదేలా ఖాలా జాన్‌కి,

నీ చెల్లెలి కూతురు బెనఫ్షా సలాములు. ఫోన్‌లో మాట్లాడకూడనివి ఉత్తరంలో రాయమన్నావు కదా, రాస్తున్నాను. సరిహద్దులో ఫోన్లు విప్పి చూసేవాళ్లు ముసలి బస్సు డ్రైవరు రొట్టెల మూట విప్పి చూడరని దీన్ని బస్సులో తెస్తున్న గౌసుద్దీన్ కాకా నమ్మకం. కాగితం మీద నూనె మరకలుంటే నన్ను తిట్టకు.

ఖాలా, మా పిల్లల్ని కప్పులోకి తీసుకున్నారు. పదిహేనేళ్ల లోపు అమ్మాయిల ఫుట్‌బాల్ కప్పు, హాలులో ఐదుగురూ ఐదుగురూ ఆడేది. మొత్తం పన్నెండు జట్లు. పదకొండు ఇరానీ జట్లు, పన్నెండోది మాది. కబురు తెలిసిన రోజు పిల్లలు చేసిన అల్లరికి కింది వాటావాళ్లు కర్రతో వాళ్ల పైకప్పు కొట్టారు. నేనూ తక్కువ తినలేదు. మోకాలికి ఆపరేషన్ అయిందన్న సంగతే మరిచి గెంతాను, రెండు రోజులు కుంటాను. కాబూల్‌లో నాలుగేళ్లు జాతీయ జట్టు చొక్కా వేసుకున్నాను గానీ ఇంత సంబరం నాకు గుర్తు లేదు. అప్పుడు గేటు దగ్గర మగాళ్లు నిలబడి తిట్టేవాళ్లు. ఇక్కడ పైకప్పున్న హాలు, గీతలు గీసిన నేల, చిరుగుల్లేని వల.

నేనిక్కడ బంతి ఒక్కటే తన్నిస్తున్నానని అనుకోకు. ఇక్కడి బడుల్లో సీటు దొరకని మన పిల్లలకు పొద్దున చదువు చెబుతాం, సాయంత్రం ఆట. మీ హెరాత్‌లో భూకంపం వచ్చిన దగ్గర్నుంచీ ఆట అయ్యాక అందరం కూర్చుని జిందాజాన్ డేరాలకు మూటలు కడుతున్నాం. సబ్బు, పసిపిల్లల పాలపొడి, ఆడవాళ్లు నోరు తెరిచి అడగలేని గుడ్డలు. అవి నీకు అందుతూనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. పోటీల ఆఫీసుకు ఎనిమిది మంది శరణార్థి కార్డులూ పట్టుకెళ్లాను. అక్కడి అధికారి ఖానుం వాటిని టేబుల్ మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"మీ దేశంలో ఆడపిల్లలు ఒక్క నౌరోజ్ నాడే పుడతారా?"

ఎనిమిది కార్డుల మీదా ఒకటో నెల ఒకటో తేదీ. మన తజ్కిరా గుర్తింపు కాగితంలో రాసేది నీకు తెలిసిందే, '1393లో ఐదేళ్లు' అని ఒక ముక్క. రోజు ఉండదు, నెల ఉండదు. ఇక్కడి కంప్యూటరుకు రోజు కావాలి. అందుకని గుమస్తా ప్రతివాళ్లకూ ఏడాది మొదటి రోజు తగిలించేశాడు. నాదీ అదే తేదీ అని చూపిస్తే ఆవిడకు నవ్వు రాలేదు, దొంగ జట్టనుకుంది.

నిబంధన ఏమిటంటే 1388లో ఆరో నెల, సుంబుల ఒకటో తేదీ, ఆ తర్వాత పుట్టినవాళ్లే ఆడాలి. ముగ్గురు 1389 వాళ్లు, వాళ్లకు చిక్కు లేదు. మిగిలిన ఐదుగురూ 1388. నౌరోజ్ తేదీ ఉంచితే ఐదుగురూ పోతారు, జట్టే పోతుంది. దల్వ్ పదో తేదీ వరకు రెండు నెలల గడువిచ్చింది. దారి కూడా ఆవిడే చెప్పింది. వాళ్ల నాన్న ఇంట్లో ఖురాన్ మొదటి పేజీలో పిల్లల పుట్టుకలన్నీ రాసేవాడట. అలాంటి రాత ఉంటే దాన్ని ఎత్తిరాసి ముగ్గురు సాక్షుల వేలిముద్రలు వేయించి తెస్తే ఒప్పుకుంటానంది.

ఖాలా, ఇళ్ల వివరాలు వెనక పేజీలో రాశాను. ఈ ఐదుగురూ చదువు కోసం ఇక్కడి చుట్టాల దగ్గరికి వచ్చినవాళ్లే, నాలుగు ఇళ్లు హెరాత్‌లోనే. ఐదోది జిందాజాన్ దగ్గరి పల్లె. అది మా గోల్‌కీపర్ గులందాంది. నాన్న ఎప్పుడో ఇక్కడే కట్టడం మీంచి పడి పోయాడు. ఎనిమిదేళ్లప్పుడు తల్లి మాగుల్ దాన్ని చదువుకోమని బాబాయితో ఇక్కడికి పంపింది. మీజాన్ నెల భూకంపంలో తల్లీ నాయనమ్మా ఒకే కప్పు కింద పోయారు. బాబాయికి తేదీ తెలియదు. ఎవరు చెబుతారో నాకూ తెలియదు. నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లు.

నీ బెనఫ్షా

—

హెరాత్
ఖౌస్ 21

బెనఫ్షా జాన్,

నీ ఉత్తరం నూనెతో సహా అందింది. ఫుట్‌బాల్ మాట నా ముందు ఎత్తొద్దని రెండేళ్ల కిందటే చెప్పాను. తుపాకులవాళ్లు ఊళ్లోకి వచ్చిన మర్నాడు నీ చొక్కా, బూట్లు, ఫోటోలు తందూరులో వేసింది నేనే. మూడు రోజులు రొట్టె ప్లాస్టిక్ కంపు కొట్టింది. మీ ఖాలూ ముద్ద ముట్టలేదు. ఇప్పుడు అరవై నాలుగేళ్లకు నన్ను మళ్లీ ఆ బంతి వెనకే పరిగెత్తిస్తున్నావు. నీకు సిగ్గు లేదు, నాకు బుద్ధి లేదు.

వెళ్లాను. నలభై ఏళ్లు మంత్రసానితనం చేసిన దానికి అదొక్కటే సుఖం, ఏ వీధిలో ఆపినా 'కాన్పుకి' అంటాను. ఆ మాట వినగానే తుపాకీ పట్టుకున్నవాడు ముఖం పక్కకు తిప్పుకుంటాడు.

మొదటి ఇల్లు రబియా వాళ్లది. తండ్రి ఖురాన్ దించి కళ్లకద్దుకుని తెరిచాడు. 'నా కూతురు రబియా, ఖౌస్ 3, మంగళవారం' అని ఉంది, దాని కిందే 'అదే వారం ఎర్రావు ఈనింది' అని కూడా ఉంది. ఆవు సంగతి కూడా ఎత్తిరాశాను. ఉన్నది వదిలేస్తే మళ్లీ దొంగ అంటారు.

రెండో ఇల్లు నజో వాళ్లది. అక్కడ నా ఒళ్లు మండింది. నలుగురు మగపిల్లల పేర్లు, గంటలతో సహా ముత్యాల్లా రాసి ఉన్నాయి. నజో లేదు. తండ్రి పేజీ అటూ ఇటూ తిప్పాడు, ఇంకో పేజీ చూశాడు, గొంతు సవరించుకున్నాడు. పరదా వెనక నుంచి తల్లి చెప్పింది, బక్రీద్ మర్నాడు, పెనం మీద మేక కాలేయం ఉండగా నొప్పులొచ్చాయని. పంచాంగం తీసి చూస్తే ఖౌస్ 7. సాక్షిగా వేలిముద్ర కింద పేరు రాయమని ఆయన చేతికి కలం ఇచ్చాను. ఆ తల్లి అక్కడి నుంచే అంది:

"ముందు ఆ పేజీలో రాయండి. కొడుకులకు రాసినంత పెద్ద అక్షరాలతో."

ఆయన రాశాడు. అక్షరాలు పెద్దవే. పద్నాలుగేళ్లకు నజో పుట్టింది. నేను వాళ్లింట్లో రెండు గ్లాసుల చాయ్ ఎక్కువ తాగాను.

మిగతా ఇద్దరివీ దొరికాయి, ఒకటి మీజాన్, ఒకటి జదీ, అన్నీ సుంబుల తర్వాతి నెలలే. నాలుగు కాగితాలూ దీనితో పంపుతున్నాను. ఈ సంగతి వీధిలో పాకింది. ఇప్పుడు ఆడవాళ్లు తమవి కూడా లెక్క కట్టిపెట్టమని వస్తున్నారు. నిన్న ఒక ఏభై ఏళ్ల మనిషి తను పుట్టింది వసంతంలో అని తెలిసి, చలికాలం అనుకున్నానే అని నవ్వుతూనే ఉంది.

గులందాం సంగతి తర్వాత చూద్దాం. జిందాజాన్ దారి మంచుతో మూసుకుపోయింది.

మోకాలు జాగ్రత్త. గెంతకు.

నీ ఖాలా, అదేలా

—

మషద్
జదీ 3

ఖాలా జాన్,

నీ చేతులు బంగారం కాను, నాలుగు కాగితాలూ ఒప్పుకున్నారు. ఆఫీసు ఖానుం ఆవు సంగతి చదివి మొదటిసారి నవ్వింది, పక్క టేబుల్ ఆవిణ్ని పిలిచి చదివి వినిపించింది. నజోకి తన తేదీ చెప్పగానే అది జట్టంతటినీ వరసలో నిలబెట్టి ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చింది. ఇన్నాళ్లూ అందరూ కవలలే కదా. రబియా తనకంటే నాలుగు రోజులు పెద్దదని తెలిసి ముఖం మాడ్చుకుంది. నాలుగు రోజుల పెద్దరికానికి రబియా దాని చేత నీళ్ల సీసా మోయిస్తోంది.

నిన్న ఒక ఇరానీ బడి జట్టుతో ఉత్తుత్తి ఆట ఆడించాను. ఖాలా, నువ్వు చూడాల్సింది. ఐదు రెండుతో గెలిచాం. మా వాళ్లు పాసులిస్తుంటే అవతలి పిల్లలకు బంతి ఎక్కడుందో అంతుచిక్కలేదు. గులందాం మూడు గోల్స్ ఆపింది, ఒకటి ముఖంతో. పెదవి పగిలింది. ఆట ఆపి చూద్దామంటే నన్నే కసిరింది.

ఆ పిల్ల గురించి నీకు చెప్పాలి. తల్లి పోయిన కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో నోరు విప్పడం లేదని బాబాయి అంటాడు. క్లాసులోనూ అంతే, పలక మీద రాసి చూపిస్తుంది. కానీ రెండు స్తంభాల మధ్య నిలబడితే చాలు, గొంతు హాలంతా వినిపిస్తుంది. ఎడమకు, వెనక్కి, వదలొద్దు అంటూ జట్టంతటినీ పరుగులు పెట్టిస్తుంది. దానికి మిగిలిన మాటలన్నీ ఆ గోల్‌లోనే ఉన్నాయి. కప్పులో ఆడకపోతే అవి కూడా పోతాయేమోనని నాకు భయం.

జిందాజాన్ దారి తెరిచే ఉందని గౌసుద్దీన్ కాకా అంటున్నాడు. మంచు లేదట. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. ఈ బస్సులో అరవై మూటలు వస్తున్నాయి. వాటితో డేరాలకు వెళ్లు, మాగుల్‌ని ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉంటారు. పోటీలు దల్వ్ పన్నెండున మొదలు.

బెనఫ్షా

—

హెరాత్
జదీ 20

బెనఫ్షా,

దాచాను. నీ మొదటి ఉత్తరంలో మాగుల్ పేరు చదివినప్పుడే నాకు తెలుసు. ఆ పిల్లను ఈ లోకంలో మొదట పట్టుకున్న చేతులు నావే. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నేనొక్కదాన్నే మంత్రసానిని.

తేదీ కూడా తెలుసు. వేల కాన్పుల్లో తేదీలు ఎవరికి గుర్తుంటాయి, కానీ ఇది మరిచిపోయేది కాదు. ప్రెసిడెంట్ ఎన్నికల రోజు, 1388 అసద్ 29. నా వేలికి ఓటు సిరా ఉండగా బొడ్డు కోశాను. సుంబుల ఒకటికి మూడు రోజుల ముందు. ఇంకో మూడు రోజులు ఆ బిడ్డ లోపలే ఉండి ఉంటే నీకీ తలనొప్పి లేదు, నాకీ పాపం లేదు. అందుకే మంచు కురిపించాను.

నీ మూటలు తీసుకుని డేరాలకు వెళ్లాను. మాగుల్ పక్కింటివాళ్లు ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. మూటలు విప్పి లోపల ఏముందో చూసి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇవి పంపింది ఆడపిల్ల అయి ఉండాలి, మగాడికి తట్టదు అంది. మాగుల్ కూతురు ఆ మూటలు కట్టేవాళ్లలో ఉందని చెప్పాను. అది అక్కడ బంతి పట్టుకుంటుందనీ, పుట్టినరోజు తేలకపోతే ఆడనివ్వరనీ చెప్పాను. మూడు రోజుల సంగతి కూడా దాచలేదు.

వాళ్లు గుసగుసలాడుకుని పెద్దామె చేత చెప్పించారు.

"రెండు కాగితాలు రాయి ఖాలా. రెండిటి మీదా వేస్తాం వేలు."

రాశాను. ఒకటి నిజం, అసద్ 29. రెండోది అబద్ధం, సుంబుల 2. రెండూ ఇందులో ఉన్నాయి. ఆ ముగ్గురి వేళ్లూ రెండిటి మీదా ఉన్నాయి, చూసినవాడికి తేడా తెలియదు. నలభై ఏళ్లలో ఒక్క బిడ్డ తేదీ నేను తప్పుగా చెప్పలేదు. కానీ ఆ పిల్లకు ఈ లోకం ఇప్పటికే చాలా బాకీ పడింది, మూడు రోజులు ఇస్తే తప్పేమిటని కూడా అనిపిస్తోంది. నాకు తేలడం లేదు. నువ్వే తేల్చు. ఏది చేసినా నేను నీ వైపే.

అదేలా

—

మషద్
దల్వ్ 14

ఖాలా జాన్,

చెయ్యి ఆగడం లేదు, అక్షరాలు ఎలా పడితే అలా పడతాయి, సర్దుకో.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నేను అబద్ధాన్నే ఎంచుకున్నాను. నిజం కాగితాన్ని నీ ఉత్తరంతో కలిపి మడిచి కోటు జేబులో పెట్టుకుని, రెండోది ఫైల్లో పెట్టుకుని, దల్వ్ తొమ్మిదిన గులందాంను వెంటబెట్టుకుని ఆఫీసుకు బయల్దేరాను. బస్సులో అది పలక తీసి రాసింది, 'నా రోజు ఏది?' అని.

అందరివీ దొరికాయి, తనది ఏది అని అడగడంలో తప్పేముంది. నేను సుంబుల 2 అని చెప్పాలి. కానీ ఆడపిల్ల తన తేదీ మొదటిసారి వినేటప్పుడే అబద్ధం వినాలా అనిపించింది. జేబులో ఉత్తరం తీసి దాని చేతిలో పెట్టాను.

ఖాలా, అది నీ ఉత్తరం మూడుసార్లు చదివింది. మా స్టాపు దాటిపోయింది, నేను లేవలేదు. చివరికి కిటికీలోకి చూస్తూ నాలుగు నెలల తర్వాత గోల్ బయట మొదటి మాట మాట్లాడింది. "ఎన్నికల రోజా" అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఎన్నికలంటే ఆడవాళ్లు కూడా లైన్లో నిలబడేవాళ్లా, అమ్మ కూడా వేసిందా, మంత్రసాని ఖాలా ఎలా ఉంటుంది, లావా సన్నమా అని అడుగుతూనే ఉంది. లావే అని చెప్పాను, క్షమించు.

ఆఫీసులో నేను ఫైల్ తెరిచేలోపే అసద్ 29 కాగితాన్ని అది టేబుల్ మీద పెట్టేసింది. ఖానుం చదివింది, క్యాలెండరు చూసింది, మళ్లీ చదివింది. ఆవిడ మనసు మంచిదే. మూడు రోజులే కదమ్మా, ముసలావిడ పొరపాటు పడి ఉండొచ్చు, ఇంకోసారి అడిగి రాయించుకు రండి, రేపటిదాకా గడువుంది అని మెల్లగా చెప్పింది. నా వైపు చూస్తూ చెప్పింది. నా చెయ్యి ఫైల్ మీదే ఉంది.

గులందాం తల అడ్డంగా ఊపింది.

"ఇది మా అమ్మకు తెలిసిన రోజు ఖానుం. నాకు ఇదే కావాలి."

ఆవిడ కలం తీసింది. తర్వాత జాబితాలో గులందాం పేరు కొట్టేసి, కార్డు మీద నౌరోజ్ తేదీ కూడా కొట్టేసి అసద్ 29 అని రాసి ముద్ర వేసింది. నేను బయటికొచ్చి రెండో కాగితం చింపేశాను.

సరే, ఇప్పుడు అసలు ఆట విను. గోల్‌కీపర్ లేదు. నజోని నిలబెట్టాను. బంతి వస్తే కళ్లు మూసుకోవడం దాని అలవాటు. నిన్నటి మొదటి ఆటలో ఐదు నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు గులందాం గోల్ వెనకాల వల దగ్గరికొచ్చి నిలబడి అరవడం మొదలుపెట్టింది. కళ్లు తెరువు నజో, ఎడమ కాలు నజో, ఇప్పుడు దూకు. రిఫరీ వచ్చి వెనక్కి జరగమంటే నాలుగడుగులు జరిగి ఇంకా గట్టిగా అరిచింది. నజో ఒకటి ఆపింది. ఆపినట్టు దానికే తెలియక బంతిని కావలించుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత మావాళ్లకు పూనకం వచ్చింది. రబియా రెండు, చివరి నిమిషంలో జహ్రా ఒకటి. మూడు రెండుతో గెలిచాం. ఖాలా, గెలిచాం. నేను మళ్లీ గెంతాను, మళ్లీ కుంటుతున్నాను.

గురువారం సెమీఫైనల్. ఇక్కడితో ఆపుతాను. గులందాం తనే నీకు రాస్తానంటోంది.

నీ బెనఫ్షా

—

మషద్
దల్వ్ 21

అదేలా ఖాలాకి,

సలాం. నేను గులందాం. సెమీఫైనల్లో రెండు ఒకటితో ఓడిపోయాం, కానీ నజో పెనాల్టీ ఆపింది, కళ్లు తెరిచే ఆపింది. మూడో స్థానం ఆటలో గెలిచాం. అందరికీ పతకాలిచ్చారు. నా పేరు జాబితాలో లేదు కాబట్టి నాకు లేదు. బెనఫ్షా ఖాలా ఏడ్చింది, నేను ఏడవలేదు. వచ్చే ఏడాది పెద్దవాళ్ల కప్పు ఉంది, దానికి నా వయసు సరిపోతుంది.

నీకు ఒక పని చెప్పనా. మా ఇంట్లో ఖురాన్ ఇటుకల కింద పోయింది. మొదటి పేజీలో నా గురించి నాన్న ఏమైనా రాశాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు నీకు గుర్తున్నదంతా రాసి పంపు. ఎండగా ఉందా, ఎన్ని గంటలకు, అమ్మ ఏమంది. చిన్నదైనా వదలకుండా రాయి. నేను దాచుకుంటాను.

గులందాం

—

హెరాత్
హూత్ 2

నా గులందాం జాన్,

నన్ను లావు అన్నందుకు బెనఫ్షాకు వేరే రాస్తాను. ఇది నీకు.

నువ్వు ఇంట్లో పుట్టలేదు. బడిలో పుట్టావు. ఆ రోజు మీ ఊరి బడిలో ఆడవాళ్ల ఓట్లు వేయించారు. ఎండ మాడిపోతోంది. పొద్దున్న రాకెట్లు పడ్డాయని ఎవరో పుకారు పుట్టిస్తే సగం మంది ఇళ్లకు పోయారు. మీ అమ్మ పోలేదు. నిండు కడుపుతో, గుప్పెట్లో కార్డుతో లైన్లో నిలబడింది. మధ్యమధ్యలో గోడ పట్టుకుంటోంది. నేను అప్పటికే ఓటు వేసి వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాను. ఏమిటే నొప్పులా అంటే, నా వంతు రానీ ఖాలా అంది. వంతు వచ్చింది, వేలు ముంచింది, కాగితం పెట్టెలో వేసింది, అక్కడే కూలబడింది. రెండో తరగతి గదిలో బల్లలు పక్కకు జరిపి చాదర్లు పరదాగా కట్టాం. పదకొండున్నరకు నువ్వు వచ్చావు. వస్తూనే అరిచావు, బయట లైన్లో ఉన్నవాళ్లందరూ విన్నారు.

ఆడపిల్ల అని చెప్పడానికి నేను కాస్త జంకాను. మీ అమ్మ నిన్ను గుండెల మీద పెట్టుకుని, ఆ నీలం వేలితో నీ ముక్కు ముట్టుకుని, ఓట్ల జాబితా పట్టుకున్న ఆవిణ్ని పిలవమంది. ఆవిడ పరదా తప్పించి తొంగి చూసింది. "ఇంకొకరు పెరిగారు, రాసుకోండి" అంది మీ అమ్మ. ఆవిడ నవ్వి, ఇప్పుడు కాదమ్మా, పద్దెనిమిది ఏళ్లు నిండాక తీసుకురా అంది. మీ అమ్మ నవ్వలేదు. తేదీ ఎంత అని నన్ను అడిగింది. నేను చెప్పాను. మరిచిపోకుండా ఉండాలని దాన్ని మూడుసార్లు పైకే అనుకుంది.

నీకు పద్దెనిమిది నిండేది 1406 అసద్ 29న. ఇంకా మూడున్నరేళ్లు ఉంది. ఆ జాబితా ఇప్పుడు లేదు, ఆ బడి కూడా లేదు. నేను ఉన్నాను. ఆ రోజు నువ్వు ఎక్కడున్నా సరే రా, ఇద్దరం కలిసి వెళ్లి పేరు రాయమని అడుగుదాం.

అదేలా ఖాలా